1970 షెవెల్‌లో కొత్త ఎల్‌ఎస్3: ఇంజన్ ఎక్కింది రెండు రోజుల్లో, బండి కుదిరింది ఐదు నెలలకు

బండి 1970 మోడల్ షెవర్లే షెవెల్ మాలిబు, రెండు డోర్ల కూపే. ఎర్ర రంగు, బానెట్ మీద రెండు నల్ల పట్టీలు, గ్రిల్ మీద ఎస్‌ఎస్ (సూపర్ స్పోర్ట్, అంటే షెవెల్‌లో జోరైన రకం) బ్యాడ్జి. ఓనరు నెల్లూరాయన, డాలస్ పక్కన ఫ్రిస్కోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కొన్న మూడో నెలలోనే నాకు ఫోన్ చేశాడు. "అన్నా, బండి చూస్తే ముద్దొస్తుంది, నడిపితే ఏడుపొస్తుంది. పొద్దున్నే స్టార్ట్ కాదు, హైవే ఎక్కితే చెవులు పగిలిపోతాయి, ఏసీ లేకపోతే మా ఆవిడ ఎక్కనంటోంది. ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ కొత్తవి పడేద్దాం."

ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. సగం మందికి వద్దనే చెబుతాను. ఈయనకు వద్దనలేదు, సరే అనీ అనలేదు. ముందు బండి నా షెడ్డుకి తీసుకురమ్మన్నాను.

మా నాన్నది విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు. అంబాసిడర్‌లోంచి పెట్రోల్ ఇంజన్ దించి మెటడార్ డీజిల్ ఇంజన్ ఎక్కించడం చూస్తూ పెరిగినవాణ్ణి. అక్కడ లీటరుకి ఎన్ని కిలోమీటర్లన్నదే లెక్క, ఇక్కడ టెక్సస్‌లో సరదాలు వేరు. పని మాత్రం అదే. ఇంజన్‌ని బండిలో కూర్చోబెట్టడం ఒక ఎత్తయితే, దానికి తగ్గట్టు బండిని మార్చడం పది ఎత్తులు. ఈ షెవెల్‌లో ఆ రెండో పనిలోనే నేను రెండుసార్లు తప్పు చేశాను. రాయడానికి కారణం కూడా ఆ రెండు తప్పులే.

ముందు బండి అసలు ఏ రకమో తేల్చుకోవాలి

1970 షెవెల్ అనగానే జాగ్రత్త పడాలి. అంతకు ముందు జనరల్ మోటార్స్‌లో ఒక నియమం ఉండేది: మధ్య సైజు కార్లలో 400 క్యూబిక్ అంగుళాలు దాటిన ఇంజన్ పెట్టకూడదని. 1970 మోడల్‌కి ఆ నియమం ఎత్తేశారు. అలా షెవెల్‌లోకి 454 క్యూబిక్ అంగుళాల ఇంజన్ వచ్చింది. అందులో ఎల్‌ఎస్6 అన్న రకానికి కంపెనీ చెప్పిన లెక్క 450 హార్స్‌పవర్. అలాంటి బండి, దానితో పుట్టిన ఇంజన్‌తో సహా, ఎవరైనా నా షెడ్డుకి తెస్తే రేడియేటర్ క్యాప్ కూడా ముట్టుకోను. ఇంటికి తీసుకెళ్లి కవర్ కప్పుకోమంటాను. దాని విలువంతా ఆ పాత ఇనుములోనే ఉంది.

మరి ఈ బండి ఎస్‌ఎస్సేనా? ఛాసిస్ నంబర్ చూస్తే తేలదు. 1970లో ఎస్‌ఎస్ అనేది విడి మోడల్ కాదు, ఆప్షన్. నంబర్ 13637తో మొదలైంది. అంటే షెవర్లే, మాలిబు వీ8, స్పోర్ట్ కూపే. లోపల చిన్న 307 ఉందో పెద్ద 454 ఉందో అది చెప్పదు. నమ్మదగిన సాక్ష్యం ఫ్యాక్టరీ బిల్డ్ షీట్. బండి కట్టేటప్పుడు ఆ కాగితాన్ని చాలాసార్లు పెట్రోల్ ట్యాంకు మీద, లేదా సీటు స్ప్రింగుల్లో వదిలేసేవారు.

ట్యాంకు దించాం. కాగితం ఉంది. తుప్పు మరకలతో, ఒక మూల ఎలుకలు కొరికేసి, గోధుమ రంగు అప్పడంలా ఉంది. చేత్తో తీస్తే పొడైపోతుందని కింద అట్టముక్క పెట్టి జరిపాం. మిగిలిన భాగంలో చదవగలిగింది: 307 ఇంజన్, పవర్‌గ్లైడ్ గేర్‌బాక్స్. అంటే రెండే రెండు గేర్ల ఆటోమేటిక్. ఎస్‌ఎస్ బ్యాడ్జి తర్వాతెప్పుడో ఎవరో సరదాపడి బిగించుకున్నది.

ఓనరు మొహం వాడిపోయింది. ఎస్‌ఎస్ అనుకుని డబ్బు పోశాడు కదా. నాకు మాత్రం పెద్ద బరువు దిగింది. ఇప్పుడు ఈ బండిని నిర్భయంగా మార్చుకోవచ్చు. పైగా పుట్టినప్పటి ఇంజన్ కూడా అందులో లేదు. ఏదో వేరే బండిలోంచి తీసిన 350, దాని మీద నాలుగు బారెళ్ల కార్బురేటర్, వెనక మూడు గేర్ల ఆటోమేటిక్, టర్బో హైడ్రమాటిక్ 350. ఒక్కటే మంచి సరుకు దొరికింది: ఎవరో పుణ్యాత్ముడు వెనక గట్టి 12 బోల్టుల యాక్సిల్ వేసి ఉంచాడు, క్రౌన్ పినియన్ (యాక్సిల్ లోపలి గేర్లు) నిష్పత్తి 3.31.

కాగితాల గొడవ టెక్సస్‌లో తక్కువ. ఇంత పాత బండికి ఇక్కడ పొగ పరీక్ష లేదు. కాలిఫోర్నియాలో కూడా 1975, అంతకు ముందు మోడళ్లకు మినహాయింపు ఉంది. 1976 బండి అయితే అక్కడ కథ వేరే. మన ఊళ్లో అయితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, ఆర్టీవో అనుమతి లేకుండా ఇంజన్ మార్చకూడదు. ఇండియాలోని స్నేహితులు వీడియోలు చూసి ఫోన్ చేస్తే ముందు ఆ మాటే చెబుతాను.

ఇంజన్, గేర్‌బాక్స్ ఎంపిక

ఇంజన్ విషయంలో పెద్ద చర్చ జరగలేదు. డబ్బాలో వచ్చే కొత్త ఎల్‌ఎస్3. 6.2 లీటర్లు, అల్యూమినియం బ్లాకు, 430 హార్స్‌పవర్, 2008 కార్వెట్‌తో వచ్చిన ఇంజన్. "450 ఉన్న పాత ఇంజన్ కంటే తక్కువే కదా అన్నా" అన్నాడాయన. అందరూ పడే చోటే పడ్డాడు. 1970 నాటి అంకెలు గ్రాస్ లెక్క: ఫ్యాను, ఆల్టర్నేటరు, సైలెన్సరు, ఎయిర్ ఫిల్టరు తీసేసి, ఒట్టి ఇంజన్‌ని స్టాండు మీద తిప్పి రాసుకున్నవి. అమెరికా కంపెనీలు 1972కి నెట్ లెక్కకు మారాయి. ఇప్పటి 430 ఆ నెట్ లెక్కే. రెంటినీ పక్కపక్కన పెట్టడమంటే, ఒకడి జీతం కటింగులకు ముందు, ఇంకొకడి జీతం కటింగులయ్యాక పోల్చినట్టు.

ఇంకో సంగతి నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది. 1955లో వచ్చిన మొదటి చిన్న షెవర్లే వీ8లో ఒక సిలిండర్ మధ్య నుంచి పక్క సిలిండర్ మధ్యకి దూరం 4.4 అంగుళాలు. ఎల్‌ఎస్3లోనూ అంతే. పాత ఇంజన్ కూర్చున్న చోట ఇది అంత తేలిగ్గా కూర్చోవడానికి ఆ కొలత ఒక కారణం.

గొడవ గేర్‌బాక్స్ దగ్గరొచ్చింది. ఆయనకు ఆరు గేర్ల మాన్యువల్ కావాలి, టీ56 మ్యాగ్నమ్. మంచి గేర్‌బాక్సే, కాదనను. అయితే ఫ్లోర్ మధ్య టన్నెల్ కోయాలి, క్లచ్ పెడల్ సెట్టు మొత్తం కొత్తగా అమర్చాలి. "బండి మీ ఆవిడ కూడా నడపాలన్నారు. డాలస్ ట్రాఫిక్‌లో, సాయంత్రం ఆరింటికి, క్లచ్ తొక్కుతూ నడుపుతారా?" అని అడిగాను. శనాదివారాలు ఆలోచించుకుని సోమవారం 4ఎల్70ఈ ఆటోమేటిక్‌కి ఒప్పుకున్నాడు. ఇంట్లో ఏం జరిగిందో నేనడగలేదు.

తర్వాత వీడియోలు చూసి క్రౌన్ పినియన్ 4.10కి మార్చమన్నాడు. దీనికి కాగితం, పెన్ను తీశాను. మైళ్ల వేగాన్ని మొత్తం గేర్ నిష్పత్తితో, తర్వాత 336తో గుణించి, టైరు వ్యాసం అంగుళాలతో భాగిస్తే ఇంజన్ చుట్లు వస్తాయి. టైరు 26 అంగుళాలు. పాత గేర్‌బాక్స్ పెట్టెలో మూడో గేరు 1.00, వెనక 3.31. 70 మైళ్ల వేగంలో దాదాపు 3,000 చుట్లు. చెవులు పగిలేది అందుకే. కొత్త పెట్టెలో నాలుగో గేరు 0.70. అదే క్రౌన్ పినియన్‌తో 70 మైళ్లకు 2,100 చుట్లే. మరి పికప్? పాత పెట్టెలో ఫస్ట్ గేరు 2.52, కొత్తదాంట్లో 3.06. వెనక 3.31తో గుణిస్తే 8.34 ఉన్నది 10.13 అయింది. వెనక ఏమీ ముట్టకుండానే అటు పికప్, ఇటు హైవే ప్రశాంతత రెండూ వస్తుంటే 4.10 ఎందుకు? ఆ డబ్బు బ్రేకులకు పెట్టించాను. ముందు చక్రాలకు పాతకాలపు డ్రమ్ము బ్రేకులున్న బండికి 430 హార్స్‌పవర్ ఇవ్వడం నాకిష్టం లేదు.

ఆ రెండు రోజులు

మార్చి నెల ఒక శనివారం పాతది దించి, ఆదివారం సాయంత్రానికి కొత్తది మౌంట్ల మీద కూర్చోబెట్టాం. ఫోటో పెడితే అందరూ పని అయిపోయిందనుకున్నారు.

కార్వెట్ ఆయిల్ పాన్ ఈ ఛాసిస్‌కి పనికిరాదు, ముందున్న క్రాస్ మెంబర్‌కి (ఛాసిస్ అడ్డ దూలానికి) తగులుతుంది. పాత కార్ల కోసం చేసిన పాన్ వేశాం. స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పుతూ, సెంటర్ లింక్‌కీ (స్టీరింగ్ అడ్డ రాడ్డుకీ) పాన్‌కీ మధ్య నా చిటికెన వేలు దూరేటంత సందు ఉందో లేదో చూశాను. దూరింది. ఏసీ కంప్రెసర్ కింద పెడితే ఫ్రేముకి తగులుతుంది, పైకెత్తే బ్రాకెట్ కొన్నాం. అల్యూమినియం ఇంజన్ తేలిక కాబట్టి బండి ముక్కు పైకి లేచింది, వేటకి సిద్ధమైన కుక్కలా. ముందు స్ప్రింగులు మార్చాల్సొచ్చింది. 4ఎల్70ఈ పాత పెట్టె కంటే పొడుగు. దాన్ని మోసే క్రాస్ మెంబర్ వెనక్కి జరిగింది, ప్రొపెల్లర్ షాఫ్ట్ మూడు అంగుళాల దాకా కోసి మళ్లీ వెల్డింగ్, బ్యాలెన్సింగ్ చేయించాం. అదృష్టం కొద్దీ, షాఫ్ట్‌ని గేర్‌బాక్స్‌కి కలిపే యోక్ రెండు పెట్టెలకూ 27 స్ప్లైన్లదే (పళ్లదే), పాతదే సరిపోయింది.

ఎల్‌ఎస్ ఇంజన్ కొత్తగా వేసేవాళ్లు మర్చిపోయేది ఆవిరి గొట్టం. హెడ్ల పైభాగంలో చిన్న రంధ్రాలుంటాయి, అక్కడ చేరే ఆవిరి రేడియేటర్ పైకి పోవడానికి. కొందరు అవి అనవసరమని మూసేస్తారు. గేజీలో టెంపరేచర్ మామూలుగానే కనిపిస్తుంది, హెడ్డులో మాత్రం ఒక మూల గాలి బుడగ పట్టి ఉడుకుతూ ఉంటుంది. దయచేసి మూయకండి.

వైరింగ్ గురించి ఎక్కువ రాయను, ఓపికే తప్ప అందులో కిటుకు లేదు. ఇంజన్ నుంచి ఛాసిస్‌కి, ఛాసిస్ నుంచి బాడీకి, బాడీ నుంచి బ్యాటరీకి మందపాటి ఎర్త్ వైర్లు వేయండి. కొత్త మౌంట్లు రబ్బరువి, వాటి గుండా ఎర్తింగ్ రాదు. గేర్‌బాక్స్‌కి ఇంజన్ కంప్యూటర్ కాకుండా విడిగా ఇంకో కంట్రోలర్ కావాలి, దాని ఖర్చు ముందే కస్టమర్‌కి చెప్పండి.

మొదటి తప్పు: పెట్రోలు

కార్బురేటర్‌కి ఆరు పీఎస్‌ఐ ప్రెషర్ వస్తే చాలు. ఎల్‌ఎస్3 ఇంజెక్టర్లకు 58 కావాలి. సరైన పద్ధతి ట్యాంకు లోపల పంపు పెట్టడం. అప్పటికే బిల్లు పెరుగుతోంది, ఓనరు చేసే ప్రతి ఫోన్‌లోనూ "ఇంకెంత అన్నా" అన్న ప్రశ్న ఉంటోంది. పాత ట్యాంకే ఉంచి, పంపు బయట ఫ్రేముకి బిగించాను. రెగ్యులేటర్ కలిసున్న ఫిల్టరు ట్యాంకు పక్కనే పెట్టి, అక్కడి నుంచి ముందుకు ఒకటే పైపు లాగాను. షెడ్డులో 58 చూపించింది. మే నెలలో నేనే వంద మైళ్లు నడిపాను, ఏ తేడా లేదు. ఫుల్ ట్యాంకుతో నడిపానన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

జూన్‌లో టోల్‌వే ర్యాంపు మీద నుంచి ఫోన్. "అన్నా, మలుపులో మిస్సింగ్ కొట్టి ఆగినంత పనైంది. వెనక ట్రక్కు హారన్ కొట్టేసరికి గుండె జారిపోయింది. ర్యాంపు దిగాక మళ్లీ మామూలే."

లాప్‌టాప్ పెడితే పెట్రోలు తక్కువైందని కోడ్ ఉంది, కంప్యూటర్ ఇరవై శాతం పైన అదనంగా పోయడానికి తంటాలు పడుతోంది. ప్రెషర్ గేజీకి పొడుగు గొట్టం తగిలించి, బానెట్ సందులోంచి తీసి, అద్దానికి బయటివైపు టేపుతో అంటించాను. ట్యాంకులో పావు వంతు పెట్రోలు. ఓనరు పక్కన కూర్చుని అంకెలు చదువుతున్నాడు, నేను నడుపుతున్నాను. నేరు రోడ్డు మీద 58. ర్యాంపు మొదలు, 58. మలుపు బిగుసుకునేసరికి 50, 40, 31. ఇంజన్ దగ్గింది. రోడ్డు నేరుగా అవగానే ముల్లు ఎగిరి 58 దగ్గర నిలబడింది. మళ్లీ తిరిగొచ్చి అదే ర్యాంపు, అదే 31. మూడోసారి వెళ్లే అవసరం లేకపోయింది.

పాత ట్యాంకు లోపల అడ్డుగోడలు లేవు. తక్కువ పెట్రోలుంటే మలుపులో అంతా ఒక పక్కకి పోతుంది, పీల్చే గొట్టం గాలి తాగుతుంది. ఇదే ట్యాంకు యాభై ఏళ్లు కార్బురేటర్‌తో ఎలా నడిచింది? కార్బురేటర్‌లో చిన్న గిన్నె ఉంటుంది, అందులో కాస్త పెట్రోలు ఎప్పుడూ నిలవ ఉంటుంది. పంపు ఒక సెకను గాలి మింగినా గిన్నె ఆదుకుంటుంది. ఇంజెక్షన్‌కి ఆ గిన్నె లేదు. పైపులో ప్రెషర్ పడిన క్షణమే ఇంజన్‌కి తెలిసిపోతుంది.

ఎండ సంగతి ఇంకోటి. బండి నిలబెట్టి అరగంట ఐడిలింగ్‌లో ఉంచితే పంపు కూత పెట్టడం మొదలైంది, ప్రెషర్ మెల్లగా 50కి జారింది. ఈ పంపులు తోయడంలో ఘటికులు, పీల్చడంలో బలహీనులు. పీల్చే వైపు ఒత్తిడి తగ్గితే వేడి పెట్రోలు అక్కడే ఆవిరవుతుంది. పంపు ట్యాంకు లోపల మునిగి ఉంటే పీల్చే పనే ఉండదు, చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది.

ట్యాంకు మార్చాం. బయట ఆకారం అచ్చం పాతదే, లోపల అడ్డుగోడలు, గిన్నెలో కూర్చున్న పంపు. పెట్రోల్ గేజీ ముల్లుకి పాత కారు ప్రకారం 0 నుంచి 90 ఓముల సెండరే (ట్యాంకులో మట్టం కొలిచేది) ఎంచుకున్నాం, డ్యాష్ మీద అసలు గేజీ పని చేయాలి కదా. ట్యాంకు ఖర్చు ఆయన పెట్టుకున్నాడు, కూలి నేను తీసుకోలేదు. తప్పు నాది. అదే ర్యాంపు మీద పావు ట్యాంకుతో మళ్లీ వెళ్లాం. ముల్లు 57 కిందికి రాలేదు.

రెండో తప్పు: కోణం

పెట్రోలు కథ తీరాక ఇంకో ఫిర్యాదు. 62 నుంచి 68 మైళ్ల మధ్య సీటు కింద జుమ్మని వణుకు, వెనక చూసే అద్దంలో కార్లన్నీ మసక. 70 దాటితే తగ్గుతుంది.

ముందు చక్రాలు బ్యాలెన్స్ చేయించాం. తేడా లేదు. 65 దగ్గర న్యూట్రల్ చేసి వదిలేశాను, ఇంజన్ ఐడిలింగ్‌కి పడిపోయింది, వణుకు అలాగే ఉంది. అంటే ఇంజన్, దాన్ని గేర్‌బాక్స్‌కి కలిపే కన్వర్టర్ తప్పు కాదు, చక్రాలతో పాటు తిరిగేదేదో. షాఫ్ట్ మళ్లీ బ్యాలెన్స్ యంత్రం మీద పెట్టించాం, శుభ్రంగా ఉంది. ఇక మిగిలింది కోణాలు.

షాఫ్ట్ రెండు చివర్లా వంగే కీలు ఉంటుంది, దాన్నే యూజే క్రాస్ అంటాం. అది వంపులో తిరిగేటప్పుడు షాఫ్ట్ ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. కంటికి కనపడదు. వెనక క్రాస్ కూడా సరిగ్గా అంతే వంపులో ఉంటే ముందుది చేసిన కుదుపుని అది రద్దు చేస్తుంది. అందుకే గేర్‌బాక్స్ గీత, పినియన్ (షాఫ్ట్ వచ్చి తగిలే యాక్సిల్ గేరు) గీత సమాంతరంగా ఉండాలి. ఒక్కో క్రాస్ వంపు మూడు డిగ్రీల లోపు, రెంటి మధ్య తేడా ఒక డిగ్రీ లోపు ఉంటే చాలు.

ఇది నాకు తెలియక కాదు. మార్చిలో కొలిచాను కూడా. ఎక్కడ కొలిచానో తర్వాత గుర్తొచ్చి తల కొట్టుకున్నాను: రెండు స్తంభాల లిఫ్ట్ మీద, చక్రాలు గాల్లో, యాక్సిల్ కిందికి వేలాడుతుండగా. ఈ కారులో వెనక యాక్సిల్ ఛాసిస్‌కి బిగించిన ఇనప చేతుల (కంట్రోల్ ఆర్ముల) మీద ఊగుతుంది, కిందికి వేలాడితే పినియన్ ముక్కు కోణమే మారిపోతుంది. ఆ రోజు నేను రాసుకున్న అంకె బండి రోడ్డు మీద ఉన్నప్పటిది కానే కాదు.

ఈసారి నాలుగు స్తంభాల లిఫ్ట్ మీద, బరువంతా చక్రాల మీద ఉంచి కొలిచాను. గేర్‌బాక్స్ తోక కిందికి 4.6 డిగ్రీలు, షాఫ్ట్ 0.4, పినియన్ ముక్కు పైకి 1.8. ముందు క్రాస్ వంపు 4.2, వెనకది 1.4. తేడా 2.8. వణక్క ఏం చేస్తుంది?

తోక అంత కిందికి ఎందుకుంది? టన్నెల్‌కి తగులుతోందని నేనే దించి బిగించాను, రేకు కొట్టడానికి బద్ధకించి. కార్పెట్ ఎత్తి, రెండు చోట్ల టన్నెల్ రేకుని సుత్తితో పైకి కొట్టి, తోకని ముప్పాతిక అంగుళానికి కాస్త పైనే లేపాం. వెనక పై చేతులు తీసేసి, పొడవు సవరించుకునేవి వేసి, పినియన్ ముక్కు ఎత్తాం. చివరి కొలతలు: గేర్‌బాక్స్ 3.2, షాఫ్ట్ 1.4, పినియన్ 3.0. ముందు వంపు 1.8, వెనక 1.6. అద్దంలో వెనక కార్ల నంబర్ ప్లేట్లు కనిపించాయి.

అయ్యాక

130 గంటల పని అని కోట్ ఇచ్చాను, 212 అయింది. అందులో పెట్రోలుకి, కోణాలకి పోయిన గంటలు బిల్లులో వేయలేదు. మొత్తం బిల్లులో ఇంజన్, గేర్‌బాక్స్, వాటి కంప్యూటర్లు కలిపి సగం దాటలేదు. మిగతాదంతా ట్యాంకు, బ్రేకులు, రేడియేటరు, ఏసీ, పైపులు, స్ప్రింగులు, షాఫ్ట్. ఇప్పుడు కోట్ అడిగిన ప్రతివాళ్లకూ ఈ బిల్లు చూపిస్తున్నాను, పేరు కొట్టేసి. చూశాక కొందరు తిరిగి ఫోన్ చేయరు, అదీ మంచిదే.

హైవే మీద గ్యాలన్‌కి 12 మైళ్లిచ్చే బండి 20 ఇస్తోంది. పొద్దున్నే తాళం తిప్పితే స్టార్ట్ అవుతుంది. ఓనరుకి దొరికిన ఆనందం అదేనట, హార్స్‌పవర్ కాదు. వాళ్లావిడ ఆస్టిన్ దాకా నడిపింది. తిరిగొచ్చాక ఆవిడ నాకు చెప్పిన ఒకే ఒక్క మాట: "ఏసీ బాగుంది అన్నయ్యా, కానీ స్టీరింగ్ ఇంకా పడవలాగే ఉంది." నిజమే. స్టీరింగ్ బాక్స్ మేం ముట్టుకోలేదు.

ఇంకో చిన్న పని మిగిలింది. డ్యాష్‌లో పాత స్పీడోమీటరే ఉండాలని పట్టుబడితే, కొత్త గేర్‌బాక్స్ ఇచ్చే కరెంటు సిగ్నల్‌తో పాత కేబుల్ తిప్పే చిన్న మోటారు పెట్టె బిగించాం. పది మైళ్ల లోపు వేగంలో ముల్లు వణుకుతోంది. కేబుల్ ఎక్కడో బాగా వంగిందని నా అనుమానం. దసరా వారంలో బండి తెస్తానన్నాడు, అప్పుడు డ్యాష్ కింద దూరి చూడాలి.